ఆర్డీ వాగులో తడి బూట్లు

కిల్‌బ్రే,
ఆగస్టు 16

రానల్డ్ అన్నయ్యకి,

గేటుకి తాళం పడింది. మన ఆర్డీ వాగు కింది గేటే. ఇరవై రెండేళ్ళుగా నేను చేత్తో తోసుకుని వెళ్ళిన గేటుకి ఇప్పుడు నా పిడికిలంత తాళం వేలాడుతోంది. ఆ పొలం కొన్న కొత్తాయన మంచివాడే గానీ, దారి మాత్రం అందరికీ ఇవ్వడట. అక్టోబరు ఒకటిన ట్రౌట్ చేపల సీజను మొదలైన దగ్గర్నుంచి ఆర్డీ వ్యాలీ ఫ్లై ఫిషింగ్ క్లబ్బు సభ్యులకే తాళంచెవి. మిగతావాళ్ళు వంతెన మీద నిలబడి వాగుని చూసుకోవచ్చు, అంతే.

ఇదంతా ఫోనులో చెబుదామంటే నువ్వు ఎత్తవు, ఎత్తినా నీకు వినబడదు. ముప్ఫై ఏళ్ళు పడవ ఇంజను పక్కన నిలబడ్డ చెవులు ఇంకేం వింటాయిలే. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నిన్న హెక్టర్ లెయిడ్‌లా మా ఇంటికి వచ్చాడు. ఆయనే క్లబ్బు అధ్యక్షుడు, డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. బూట్లు గుమ్మం బయటే విప్పేసి, మేజోళ్ళతో వంటింట్లోకి వచ్చి, ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయ్, మేం పదకొండు మందిమి మిగిలాం. అందులో ఇద్దరికి మోకాళ్ళు పనిచెయ్యవు, ఒకడికి కళ్ళు కనబడవు. నువ్వొస్తే వాగులోకి దిగేవాళ్ళు తొమ్మిది మందవుతారు" అన్నాడు.

"ఇరవై ఏళ్ళ కిందట నేనే వచ్చి అడిగితే ఆడవాళ్ళని చేర్చుకోం అన్నారు కదా?"

"అప్పుడు మాకు మోకాళ్ళుండేవి" అన్నాడు. నాకు నవ్వాగలేదు. టీ పోసి కూర్చోబెట్టాను.

ఇందులో ఒక తిరకాసు ఉంది. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, చేరదలచిన మనిషిని హాలు మధ్యలో ఒక కుర్చీలో కూర్చోబెడతారు. సభ్యులు ఒక్కొక్కరూ ఒక్కొక్క ప్రశ్న వేస్తారు. దేనికీ అబద్ధం చెప్పకూడదు. అది పూర్తయ్యేదాకా ఎవ్వరికీ బీరు పొయ్యరు. అక్కడ అబద్ధమాడి చేరినవాణ్ణి ఆ సంగతి ఎన్నేళ్ళకి బయటపడినా పంపించేస్తారు. ఏడాది పొడుగునా చేపల పొడవు గురించి కోతలు కోసే మనుషులు ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం న్యాయమూర్తులైపోతారన్నమాట.

వాటీ పర్విస్ ఉన్నప్పుడు వాళ్ళు పన్నెండు మంది. తడి బూట్లకి అంటుకుని ఒక నది నుంచి ఇంకో నదికి పాకే ఆ నాచుని, ఆ రాతి చీమిడిని, వాగులోకి తెచ్చింది ఆయనేనని ఐదేళ్ళ కిందట క్లబ్బులోంచి తీసేశారు కదా. ఆయన ఖాళీలోకి నేను వెళ్ళాలన్నమాట. అది తలుచుకుంటే మనసు ఒప్పడం లేదు. అలాగని ఆ వాగు లేకుండా నేను ఉండగలనా అంటే, ఉండలేను. వారమంతా ముప్ఫై ఆరుమంది పిల్లల అరుపుల మధ్య స్కూలు బస్సు నడిపే మనిషిని. శనివారం పొద్దున ఆ నీళ్ళలో నిలబడి గాలం విసిరితే గానీ సోమవారానికి నేను మళ్ళీ మనిషిని కాలేను.

చేరమంటావా, వద్దంటావా?

నీ చెల్లెలు
ఐల్సా

*

బ్లఫ్,
ఆగస్టు 24

ఐల్సా,

చేరకు. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

ఆ క్లబ్బంటే ఏమిటనుకున్నావు? పదకొండు మంది ముసలాళ్ళు చీజ్ రోల్స్ నములుతూ, ఎప్పుడో పాతికేళ్ళ కిందట పట్టిన ఒకే చేపని ప్రతి నెలా మళ్ళీ పట్టుకుంటూ ఉంటారు. నువ్వు చేరిన రెండో నెలకల్లా కప్పులు కడిగే పని నీ నెత్తిన పడుతుంది, మూడో నెలకి జమాఖర్చుల పుస్తకం. మీటింగంటేనే నీకు ఒళ్ళు మంట. స్కూలువాళ్ళు పిలిచిన మీటింగుకే కుట్టుపని తీసుకెళ్ళి కూర్చునే దానివి.

అయినా వాగుకి తాళం వేశారు గానీ సముద్రానికి వెయ్యలేరుగా. ఇక్కడికి రా. ఇంకో వారంలో ఆయిస్టరు గుల్లల సీజను అయిపోతుంది, నాకూ తీరిక. రేవు దగ్గర కూర్చుని గాలం వేసుకుందాం. గాలానికి ఈకలతో దొంగ ఈగలు కట్టడం, వంగి వంగి నడవడం, పట్టిన చేపకి ముద్దు పెట్టి వదలడం, ఈ బాధలేవీ ఉండవు. పట్టామా, వేయించామా, తిన్నామా.

ఇంతకీ ఆ కుర్చీ సంగతి. వాళ్ళు ఎలాంటి ప్రశ్నలు వేస్తారు? కూర్చున్న మనిషి గురించే అడగాలా, వేరేవాళ్ళ గురించి కూడా అడగొచ్చా? ఊరికే అడిగాను.

వాటీ ఎలా ఉన్నాడు? అదీ ఊరికే.

రానల్డ్

*

కిల్‌బ్రే,
సెప్టెంబరు 6

అన్నయ్యా,

నీ సలహా చదివి రెండుసార్లు నవ్వాను. తర్వాత ఆలోచనలో పడ్డాను. నువ్వు ఒక మాట చాలే చోట పది మాటలు రాసే మనిషివి కాదు.

నిన్న హెక్టర్ నన్ను వాగు వెంబడి నడిపించాడు. అదీ వాళ్ళ పద్ధతే. చేరబోయే మనిషి నీటి దగ్గర ఎలా నడుస్తుందో పాత సభ్యుడు చూడాలి. ఆయన చేతిలో గాలపు కర్ర ఉండకూడదు. ఇంకా సీజను మొదలవలేదు కాబట్టి నేను కొక్కెం తీసేసి, దారం చివర ఎర్ర ఉన్ని ముక్క ముడివేసి విసిరాను. గేటు దగ్గర సబ్బు నీళ్ళ పీపాలో బూట్లు ముంచమన్నాడు. నేను ముంచి నిలబడితే ఆయన బయటికే అంకెలు లెక్కపెట్టాడు. అరవై దాకా. యాభై ఎనిమిది దగ్గర కాలు ఎత్తబోతే, "ఇంకో రెండు" అన్నాడు.

నా నడక ఆయనకి నచ్చింది. "గొర్రె కూడా తలెత్తి చూళ్ళేదు" అని మెచ్చుకున్నాడు. మూడో వంపు దగ్గరికి వచ్చేదాకా బాగానే ఉన్నాం. నీకు ఆ చోటు గుర్తుందిగా, ఒకప్పుడు అడుగున పచ్చని గులకరాళ్ళు, వాటి మీద చేప నీడ ముందు కనబడేది, చేప తర్వాత కనబడేది. ఇప్పుడు అక్కడ రాయన్నది కనబడదు. అడుగంతా గోధుమరంగు చీమిడి. హెక్టర్ నీళ్ళలోకి వంగి ఒక గుప్పెడు పెరికి నా చేతిలో పెట్టాడు. తడిసిన ఉన్ని ముద్దలా ఉంది. చూపుకి జారుడుగా ఉంటుంది గానీ చేతికి గరుకు.

"మా నాన్న నన్ను ఇక్కడికే తెచ్చాడు" అన్నాడు. "నేను నా కొడుకుని తెచ్చాను. పోయిన వేసవిలో వాడి కొడుకుని తెస్తే, వాడు చూసి 'ఛీ తాతా' అన్నాడు. అంతే, మళ్ళీ రాలేదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. గాలికేమో అనుకుందామంటే గాలి లేదు.

"ఒక్క బకెట్టు నీళ్ళకి బద్ధకించాడు ఆ వాటీ గాడు. ఒక్క బకెట్టు!" అన్నాడు.

వాటీ ఎలా ఉన్నాడని అడిగావు. నా బస్సు రోజూ ఆయన షెడ్డు ముందు నుంచే వెళుతుంది. ఇంకా అదే పని, గొర్రెల బొచ్చు కత్తెరలకి పదును పెట్టడం. ఇదివరకు బస్సు చూస్తే పిల్లలందరికీ చెయ్యి ఊపేవాడు. ఇప్పుడు వీధి వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. అసలు ఆయనెలా ఇరుక్కున్నాడో నీకు తెలుసా? ఆ వేసవిలో చీమిడి బయటపడినప్పుడు క్లబ్బులో అందరినీ అడిగారు, ఈస్టరుకి పడమటి నదిలో ఎవరెవరు దిగారని. ఆ నదిలో అప్పటికే అది ఉందని ఊరంతటికీ తెలుసు, వంతెన వంతెనకీ బోర్డులు పెట్టారు. వాటీ ఒక్కడే లేచి "నేను దిగాను. కానీ బూట్లు రెండుసార్లు కడిగి వారం ఎండబెట్టాను" అన్నాడట. మొదటి మాట నమ్మారు, రెండోది నమ్మలేదు. దిగానని చెప్పకుండా ఊరుకుంటే ఈరోజుకీ సభ్యుడే.

నువ్వు అడిగినదానికి జవాబు: కూర్చున్న మనిషి గురించే అడగాలి. హెక్టర్ వేసే ప్రశ్న దాచిపెట్టిందేమీ కాదు, అప్పటినుంచీ ప్రతివాళ్ళనీ అదే అడుగుతున్నాడు. "వేరే నీళ్ళలో తడిసిన బూట్లతో ఆర్డీలో ఎప్పుడైనా దిగావా?"

ఆ ఈస్టరుకి నువ్వు పడమటి నది నుంచే నా దగ్గరికి వచ్చావు, అన్నయ్యా. నాకేమైనా చెప్పాలనుంటే ఇప్పుడే చెప్పు. మీటింగు ఇరవై ఏడున.

ఐల్సా

*

బ్లఫ్,
సెప్టెంబరు 11

ఐల్సా,

చెప్పడానికేముంది. బూట్లు ఆరాయా అని నువ్వు అడిగావు, ఆరాయని నేను చెప్పాను. ఐదేళ్ళ కిందటి మాట.

ఆ ముసలాయన ప్రశ్న నేను నాలుగుసార్లు చదివాను. దిగావా అంటే నువ్వు దిగావా అని. నీ బూట్లు ఎప్పుడూ ఎండినవే, నీ శుభ్రం పిచ్చి నాకు తెలియనిదా. కాబట్టి లేదని చెప్పు. అది అబద్ధం కాదు. తాళంచెవి తీసుకో, నీ వాగులో నువ్వు చేపలు పట్టుకో.

చేరనే వద్దంటే ఇంకా మంచిది.

ఇక్కడ వలలు బాగు చేసే పని ఉంది. ఎక్కువ రాయలేను.

రానల్డ్

*

కిల్‌బ్రే,
సెప్టెంబరు 15

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాక వంటింట్లో కుర్చీని కాలితో తన్నాను. బొటనవేలు వాచింది. ఆ కోపం తగ్గకుండానే ఈ ఉత్తరం రాస్తున్నాను, తగ్గితే రాయలేనేమోనని.

ఆ శనివారం సాయంత్రం నువ్వు వచ్చి, బూట్లు మా గరాజులో పాత న్యూస్‌పేపరు మీద పెట్టావు. ఆదివారం పొద్దున నువ్వు లేవకముందే నేను గరాజులోకి వెళ్ళాను. బూట్ల పైభాగం ముట్టుకుంటే పొడిగా ఉంది. బూటు ఎత్తి చూశాను. కింద పేపరు ముద్దయిపోయి ఉంది, అక్షరాలు నేలకి అంటుకున్నాయి. అడుగున ఉన్ని అతికించిన బూట్ల సంగతి నాకు తెలియదా? పైన ఎండినా లోపల వారం రోజులు తడి పట్టుకునే ఉంటాయి. అందుకే కదా ఆ తర్వాత వాటిని నిషేధించారు.

నేను ఆ పేపరు తీసి చెత్తబుట్టలో పడేశాను. తర్వాత నువ్వు లేచి టీ తాగుతుంటే, బూట్లు ఆరాయా అని అడిగాను. ఆరాయన్నావు. సరే అన్నాను. నువ్వు అబద్ధం చెప్పావని తెలిసే సరే అన్నాను.

ఎందుకన్నానో కూడా రాస్తాను. అమ్మ అంత్యక్రియలకి నువ్వు రాలేదు. పడవ సముద్రం మీద ఉందన్నావు. నాలుగేళ్ళు నేను నీతో మాట్లాడలేదు. ఆ ఈస్టరుకి నువ్వే రాస్తే, రమ్మన్నాను. ఆ పొద్దున "నీ బూట్లు తడిగా ఉన్నాయి, నువ్వు దిగడానికి వీల్లేదు" అంటే నువ్వు ముఖం ముడుచుకుని కారెక్కుతావని భయపడ్డాను. సీజనుకి అదే ఆఖరి మంచి పొద్దు. పొగమంచు విడిపోతోంది, ఈగలు లేస్తున్నాయి. మనిద్దరం చిన్నప్పటిలా ఒకళ్ళ వెనకాల ఒకళ్ళం నడిచి వెళ్ళాలనిపించింది. ఒక్క పొద్దు కోసం వాగుని ఇచ్చేశాను. వాటీని కూడా ఇచ్చేశానని ఆ వేసవిలో తెలిసింది. అయినా నోరు విప్పలేదు. ఐదేళ్ళు ఆయన వీపు చూసుకుంటూ బస్సు నడిపాను.

నా బూట్లు ఎండినవేనని చెప్పి తాళంచెవి తీసుకోమంటావా? అంత తెలివి నాకొద్దు.

ఫారం నింపాను. ఇవాళే హెక్టరుకి ఇచ్చి వస్తాను. తాళంచెవి రాకపోవచ్చు. నాకిప్పుడు ఆ పదకొండు మందీ కూర్చుని వినే చోటు కావాలి. ఊళ్ళో ఒకళ్ళ చెవిలో చెబితే అది పుకారవుతుంది. ఆ కుర్చీలో చెబితే మాటగా నిలబడుతుంది.

నీ పేరు నేను ఎత్తను. నా వంతు నేను చెబుతాను.

ఐల్సా

*

బ్లఫ్,
సెప్టెంబరు 20

ఐల్సా,

నా పేరు చెప్పొద్దని బతిమాలుకోవడానికి ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడూ చించేశాను. నువ్వు పేరు ఎత్తనని ముందే రాశాక బతిమాలుకోవడానికి ఏం మిగిలింది? అదే ఎక్కువ గుచ్చుకుంది.

నువ్వు పేపరు చూశావని నాకు తెలియదు. ఐదేళ్ళుగా నిన్ను మోసం చేశాననుకుంటూ తలదించుకుని బతికాను.

జరిగింది ఇది. గుడ్‌ఫ్రైడే నాడూ, శనివారం పొద్దునా పడవలో పనిచేసే ముగ్గురితో కలిసి పడమటి నదిలో దిగాను. వంతెన దగ్గర సబ్బు నీళ్ళ తొట్టి పెట్టారు. ముందు ఐదు కార్లు ఆగి ఉన్నాయి. ఉన్ని అడుగులున్నవాళ్ళు అరగంట నానబెట్టాలని బోర్డు. నువ్వు ఆరింటికి భోజనానికి రమ్మన్నావు. టైము చూసుకున్నాను. ఆగితే ఏడవుతుంది. అమ్మని సాగనంపడానికి రాని మనిషి, నాలుగేళ్ళ తర్వాత పిలిచిన భోజనానికి కూడా ఆలస్యంగా వస్తే నువ్వు తలుపు తియ్యవనుకున్నాను. కార్ల పక్కనుంచి బండి పోనిచ్చాను. ఆరుకి ఐదు నిమిషాలుండగా నీ తలుపు కొట్టాను. "టైముకి వచ్చావే" అన్నావు. ఆ మాటకి ఎంత సంతోషపడ్డానో నీకు తెలియదు. పొద్దున బూట్ల గురించి అడిగితే, రాత్రి నవ్విన నీ ముఖం మళ్ళీ బిగుసుకోవడం చూడలేక ఆరాయన్నాను.

ఇంకొకటి నీకు చెప్పలేదు. నాకు గాలం విసరడం నేర్పింది వాటీ. నాకు పదకొండేళ్ళు, వాడికి పదిహేను. నాన్న గాలపు కర్ర నేను విరగ్గొడితే, వాడు తనే విరగ్గొట్టానని నాన్నతో చెప్పి తిట్లు తిన్నాడు. వాణ్ణి క్లబ్బు నుంచి తీసేశారని నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజున నేను పడవెక్కుతున్నాను. ఉత్తరం జేబులో పెట్టుకుని పనిచేశాను. ఆ రాత్రే క్లబ్బుకి నిజం రాసి ఉండాల్సింది. రాయకపోవడం బద్ధకం కాదు, పిరికితనం.

చేరవద్దని నీకెందుకు రాశానో ఇప్పుడు తెలిసిందిగా. ముసలాళ్ళ మీద జోకులన్నీ అందుకే.

నువ్వు చెప్పు. అడ్డం రాను.

రానల్డ్

*

కిల్‌బ్రే,
సెప్టెంబరు 28

అన్నయ్యా,

చెప్పేశాను.

హాలు చల్లగా ఉంది. పదకొండు మందీ గోడ వారగా కోట్లు వేసుకుని కూర్చున్నారు. చీజ్ రోల్స్ పళ్ళెం మీద తువ్వాలు కప్పి ఉంది, బీరు సీసాల మూతలు తియ్యలేదు. మొదటి పది ప్రశ్నలు నవ్వులాటగానే సాగాయి. నీ బస్సులో అందరికంటే అల్లరి పిల్ల ఎవరని ఒకాయన అడిగితే, "మీ మనవరాలే" అన్నాను. చేజారిపోయిన చేపల్లో అసలు పెద్దది ఎంత ఉంటుందని ఇంకొకాయన. "నాలుగు పౌండ్లు. ఊళ్ళో ఆరు పౌండ్లని చెప్పాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఈ మనుషుల మధ్య నేను హాయిగా ఉండగలనని అప్పుడే తెలిసింది.

చివర హెక్టర్ లేచాడు. "వేరే నీళ్ళలో తడిసిన బూట్లతో ఆర్డీలో ఎప్పుడైనా దిగావా?"

"లేదు. నా బూట్లు ఎండినవే" అన్నాను. ఆయన కూర్చోబోయాడు. "అయిపోలేదు" అన్నాను. "ఐదేళ్ళ కిందట ఈస్టరు ఆదివారం పొద్దున, నా పక్కన తడి బూట్లు దిగాయి. పడమటి నదిలో తడిసినవి. దిగకముందే అవి తడివని నాకు తెలుసు. తెలిసే గేటు తీసి లోపలికి తీసుకెళ్ళాను. ఆర్డీలోకి చీమిడి వచ్చింది నా వల్ల. వాటీ పర్విస్ వల్ల కాదు."

హెక్టర్ ముఖంలో రక్తం లేదు.

"ఎవరి బూట్లు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా కళ్ళు కనబడని పెద్దాయన అందుకున్నాడు. "మనిషికి ఒక్క ప్రశ్నే, హెక్టర్. నీది అయిపోయింది. కూర్చో."

హెక్టర్ కూర్చున్నాడు. నీ పేరు అలా ఆగింది. ఇంకోసారి అడిగినా నేను చెప్పేదాన్ని కాదు. అది నువ్వు చెప్పుకోవాల్సిన పేరు.

చేతులెత్తమన్నారు. నన్ను చేర్చుకుందామన్నవాళ్ళు నలుగురు, వద్దన్నవాళ్ళు ఏడుగురు. హెక్టర్ చెయ్యి ఏడులో ఉంది. తర్వాత ఆయనే లేచి, వాటీ పేరు మళ్ళీ పుస్తకంలో ఎక్కించాలన్నాడు. పదకొండు చేతులూ లేచాయి. కళ్ళు కనబడని పెద్దాయన రెండు చేతులూ ఎత్తాడు.

బయట హెక్టర్ నన్ను ఆపాడు. "ఐదేళ్ళు నేనా మనిషితో చెయ్యి కలపలేదు. వాళ్ళావిడ పోయినప్పుడు కూడా చర్చి బయటే నిలబడ్డాను. నువ్వు రోజూ అతని ఇంటి ముందు నుంచే వెళ్ళావు కదమ్మాయ్?"

"వెళ్ళాను" అన్నాను.

"ఒకసారి వద్దన్నవాళ్ళు ఏడాది ఆగాలి కదా, వచ్చే సెప్టెంబరులో మళ్ళీ ఫారం ఇస్తాను" అన్నాను.

"ఇవ్వు. బతికుంటే మళ్ళీ అడుగుతాను" అన్నాడు. ఆయన గొంతులో కోపం ఉంది గానీ, రావద్దనలేదు.

ఈ పొద్దున పిల్లల్ని స్కూలు దగ్గర దింపి, ఖాళీ బస్సు వాటీ షెడ్డు ముందు ఆపాను. ఆయన గ్రైండరు ఆపి, నేను చెప్పిందంతా నిలబడి విన్నాడు. మళ్ళీ గ్రైండరు ఆన్ చేశాడు. దాని చప్పుడులోనే నేను బస్సెక్కాను.

ఈ సీజనుకి నాకు వాగు లేదు. గురువారం అందరూ దిగుతారు. నేను వంతెన మీద నిలబడి చూస్తాను. ఏడుపొస్తే ఏడుస్తాను. చెప్పినందుకు మాత్రం పశ్చాత్తాపం లేదు, ముందే చెప్పనందుకే ఉంది.

ఐల్సా

*

బ్లఫ్,
అక్టోబరు 12

చెల్లీ,

నిన్న కిల్‌బ్రే వచ్చాను. నీ ఇంటి ముందు నుంచే వెళ్ళాను గానీ ఆగలేదు. ముందు వాటీ దగ్గరికి వెళ్ళకుండా నీ ముందుకి వచ్చే ముఖం లేదు. వెళ్ళొచ్చాక తిన్నగా బండెక్కి వచ్చేశాను. కోపం తెచ్చుకోకు.

వాడు షెడ్డు తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు. ముసలాడైపోయాడు, ఐల్సా. నేను ఏం చెప్పాలో దారంతా వల్లించుకుని వెళ్ళాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ బూట్లు నావి, వాటీ" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "మీ చెల్లెలు పేరు చెప్పలేదులే. చెప్పాలా ఏంటి? ఆవిడ పక్కన వాగులో దిగేవాడివి నువ్వొక్కడివే."

"నన్ను కొట్టు."

"నాకు అరవై ఏడేళ్ళురా. భుజం నొప్పి" అన్నాడు. నవ్వలేదు.

క్షమించమని అడిగాను. వాళ్ళావిడని సాగనంపిన రోజు చర్చిలో ఎంతమంది ఉన్నారో చెప్పాడు. తొమ్మిది మంది. నాకు సరిగ్గా వినబడలేదనుకుని మళ్ళీ గట్టిగా చెప్పాడు. వినబడిందిరా అన్నాను. అక్కడే ఏడ్చాను, సిగ్గు పడకుండా.

తర్వాత జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. వారం కిందట హెక్టరుకి రాసి తెప్పించుకున్న క్లబ్బు ఫారం. నా పేరు, నా వయసు, నా వృత్తి, అన్నీ నింపి ఉన్నాయి. సభ్యుడు ఒకడు ప్రతిపాదించాలి కదా, ఆ ఒక్క గీత మాత్రం ఖాళీ. వాటీ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"బ్లఫ్‌లో ఉండేవాడివి, ఈ వాగు నీకెందుకు?"

"వాగు వద్దురా. నాకు ఆ కుర్చీ కావాలి. పదకొండు మంది ముందు, నీ ముందు, హెక్టర్ అడిగితే నా నోటితో నేను చెప్పాలి. మా చెల్లెలు నా సగం కూడా మోసింది. అది నేను తీసుకోవాలి."

వాడు ఆ కాగితం ఇంక వెనక్కి ఇచ్చేస్తాడనుకున్నాను. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీశాడు. పెన్సిలు పనికిరాదని లోపలికెళ్ళి పెన్ను తెచ్చాడు. తలుపు చెక్కకి ఆనించి, ప్రతిపాదించినవారు అన్న చోట వాల్టర్ జె. పర్విస్ అని పూర్తి పేరు రాశాడు. మళ్ళీ సభ్యుడయ్యాక వాడు చేసిన మొదటి పని ఇదేనట.

మీటింగు నవంబరు మొదటి ఆదివారం. ముందు రోజే నీ దగ్గరికి వస్తాను. వద్దన్నా వస్తాను. నేను చెప్పేది చెప్పాక నీ ఫారం మళ్ళీ చూస్తారో లేదో నాకు తెలియదు, వాళ్ళని అడగను. నేను వెళ్ళేది అందుకు కాదు.

కాగితం నా చేతికి ఇస్తూ వాటీ అన్నాడు, "సంతకం పెట్టాను గానీ, ఓటు మాత్రం నీకు వెయ్యను."

"వెయ్యకు" అన్నాను.

రానల్డ్